దిష్టిబొమ్మకి షేక్‌హ్యాండ్ ఇచ్చిన మేడం

నేను అయిదో తరగతి గట్టెక్కాను, ఆరులోకి వెళ్లలేదు. ఇన్నాళ్లూ నేను రాసిందల్లా ప్లైవుడ్డు మీద పెన్సిలు గీతలు, ఇంటికి నాలుగు ముక్కల ఉత్తరాలు, అంతే. గల్ఫులో చేసొచ్చినోళ్లు తలో సంగతి రాయండి, రేపు వెళ్లే కుర్రోళ్లు చదువుకుంటారు అన్నారు ఈ పుస్తకం వేసేవాళ్లు. సరే అనేశాను. అన్నప్పట్నించీ కాగితం చూస్తే చెమట్లు పడుతున్నాయి. అక్షరం వంకరగా వస్తే నవ్వుకోండి గానీ తిట్టుకోకండి. నా సెంట్రింగు మాత్రం ఎప్పుడూ వంకర రాలేదండి.

ఏజెంటు దగ్గర జాగ్రత్తగా ఉండండి, ఎండలో నీళ్లు తాగండి, ఇలాంటి మంచి మాటలు మీకు పెద్దోళ్లు చెబుతారు. నేను ఒక బొమ్మ గురించి, ఒక మేడం గురించి చెబుతాను. చదివాక ఏం పనికొస్తుందో నాకూ తెలీదు.

తొంభైల్లో సంగతి. బహ్రెయిన్. మా క్యాంపు సల్మాబాదులో, సైటు తుబ్లీలో. తెల్లారేసరికి కంపెనీ బస్సు మమ్మల్ని నిద్రలోనే ఎత్తుకుపోయేది. సముద్రం వెనక్కి పోయినప్పుడు తుబ్లీ బురద వాసన వచ్చేది, అది ముక్కుకి తగిలితే సైటొచ్చిందని లేచేవాళ్లం. మేం కట్టేది ఆడపిల్లల బడి. మా కఫీలే, అంటే మాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమానే, కట్టిస్తున్నాడు. నేను వెళ్లి ఏడాది కూడా కాలేదు.

ఆ బడి మధ్యలో ఒక మెట్లదారి ఉంది. గుండ్రంగా తిరుక్కుంటూ, తీగ పందిరెక్కినట్టు పైకి పోతుంది. కింద స్తంభం లేదు. పక్కన గోడ లేదు. గాల్లో మెట్లు. దాని సెంట్రింగు, అంటే కాంక్రీటు గట్టిపడేదాకా మోసే చెక్క కట్టుబడి, మాకు పడింది. మా మేస్త్రి కోనసీమ మనిషే, మా అందరికీ బాబాయి. డ్రాయింగు అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఒరేయ్, ఇది గీసినోడు మేకని ఎక్కిద్దామని గీశాడా, మనిషిని ఎక్కిద్దామని గీశాడా?" అన్నాడు.

గీసినోడు అమెరికా దొర అనుకునేవాళ్లం. ఎందుకంటే డ్రాయింగుల వెనకాల ఒక దొర వచ్చేవాడు. తెల్లగా, పొడుగ్గా, నిప్పులు చెరిగే ఎండలో కూడా టై కట్టుకుని. మా ఇంజనీరు సారు ఏదడిగినా ఆయనది ఒకటే జవాబు: "ఫోన్ చేసి చెబుతాను." ఊచ ఎంత లావుండాలి? ఫోన్ చేసి చెబుతాను. మెట్టు ఎత్తెంత? ఫోన్ చేసి చెబుతాను. మర్నాడొచ్చి కరెక్టుగా చెప్పేవాడు. బాబాయి అనేవాడు, "మన దొర భగవంతుడికే చేస్తాడ్రా ఫోను. అటుపక్క ఎవరో గట్టి మనిషే ఉన్నాడు."

ఆ మెట్లదారి మొదలెట్టిన దగ్గర్నించీ అన్నీ అవాంతరాలే. కాంక్రీటు పంపు సగంలో మొరాయించింది. ఒక పలక పైనుంచి జారి, దేవుడి దయ, ఎవరి మీదా పడకుండా బాబాయి టిఫిను క్యారేజీ మీద పడింది. క్యారేజీ అప్పడమైపోయింది. దాంతో బాబాయి తేల్చేశాడు.

"దిష్టి. రోడ్డునపోయే ప్రతివోడూ కారాపి నోరెళ్లబెట్టి చూత్తన్నాడు. కొట్టదేటి మరి?"

మనూళ్లో అయితే ఏం చేస్తారు? ఇల్లు కడుతుంటే బూడిద గుమ్మడికాయ కడతారు, లేదా దిష్టిబొమ్మ వేలాడదీస్తారు. గుమ్మడికాయ ఎక్కడో పట్టుకొచ్చాం. క్యాంపులో పెట్టి స్నానానికి వెళ్లొచ్చేసరికి పక్క గది మలయాళీ భాయ్‌లు కూర వండేశారు. "చాలా బాగుంది, ఇంకోటి ఉందా?" అనడిగారు కూడా.

ఇక బొమ్మే దిక్కు. చేసింది నేనే. పాత డ్యూటీ డ్రస్సు తీసుకుని నిండా చెక్కపొట్టు, సిమెంటు సంచుల కాగితం కూరాను. చేతులకి గ్లవుజులు, కాళ్లకి బూట్లు. తలకాయకి కుండ దొరకలేదు, పెయింటు డబ్బా బోర్లించాను. దానికి వాటర్‌ప్రూఫ్ తారు పూసి, తెల్లగా గుడ్లు, ఎర్రగా నాలుక, బాబాయి మీసాల్లాంటి మీసాలు పెట్టాను. మెడకి తాడేసి మెట్లదారి పైన వేలాడదీశాం. చూస్తే నాకే దడుపు పుట్టింది. అంత బాగా వచ్చింది.

కింద నుంచి చూస్తే అచ్చం మనిషే. సేఫ్టీ ఆయన రోజూ దాన్ని చూసి కేకలేసేవాడు, "ఏయ్, హెల్మెట్ ఏదీ?" అని. బొమ్మ పలకదు కదా. పొగరనుకుని వార్నింగు రాశాడు. మేం పోయి బొమ్మకి హెల్మెట్ పెట్టాం. అప్పుడు, "బెల్టేదీ?" అన్నాడు. కొన్నాళ్లకి ఆయనే మా దగ్గరకొచ్చి, "మీ అందరిలోకీ ఆ పైనున్నవాడు నయం. బెల్టు లేదు గానీ డ్యూటీ టైములో కదలడు" అన్నాడు. మేం నిజం చెప్పలేదు. చెబితే ఆయన పరువేం కాను.

నమ్మండి నమ్మకపోండి, బొమ్మ కట్టాక ఒక్క అవాంతరం రాలేదు. కాంక్రీటు వెన్నలా పడింది. మాతో పనిచేసే పఠాన్ భాయ్‌లు మొదట్లో వెక్కిరించారు. తర్వాత గాలికి బొమ్మ కాస్త పక్కకి తిరిగితే వాళ్లే ఎక్కి సరిచేసేవాళ్లు. "మేం ఇవన్నీ నమ్మం భాయ్, కానీ ఉండనీ" అనేవాళ్లు.

ఇక మెట్లదారి కింద ఆసరాగా నిలబెట్టిన ఇనప జాకీలు తీసే రోజొచ్చింది. సెంట్రింగు పని తెలిసినోళ్లకి ఆ రోజంటే ఏంటో తెలుసు. అప్పటిదాకా బరువంతా జాకీల మీదుంటుంది. అవి తీశాక నిలబడితే కట్టడం, లేకపోతే గుట్ట. ఆ గుట్ట కింద మనం. ఆ రోజుకి టై దొర రావడం లేదు, వేరే ఎవరో మేడం వస్తోంది అన్నారు.

ముందురోజు సాయంత్రం ఇంజనీరు సారు విమానాశ్రయంలో ఆవిడ్ని ఎక్కించుకుని, హోటల్లో వదిలి, సైటుకొచ్చాడు. సారుది తెలంగాణ, హైదరాబాదులో పెద్ద చదువు. ఎప్పుడూ కాగితాలు చూసుకుంటూ నడిచే మనిషి, ఆ రోజెందుకో తలెత్తి పైకి చూశాడు. చూసి అక్కడే ఆగిపోయాడు.

"గిదెవడు చేసిండు?"

"నేనే సార్," అన్నాను, మెచ్చుకుంటాడనుకుని.

"ఇప్పుడే దించుర్రి. దీన్ని ఆ మేడం చూసిందో, చేసినోడు రేపటి విమానంలోనే ఇంటికి. ఖలాస్."

"దించితే రేపు జాకీలు ఎవరు తీత్తారండి?" అన్నాడు బాబాయి. "మీరు తీత్తారా?"

"అరే పెద్దాయనా, జర సమజ్ చేస్కో. ఆ మేడం నల్లామె."

మాకేం అర్థం కాలేదు. బహ్రెయిన్లో నల్లటి అరబ్బులు బోలెడుమంది. మేమేమన్నా తెల్లగా ఉన్నామా? అప్పుడు సారు గొంతు తగ్గించి చెప్పాడు. వాళ్ల దేశంలో నల్లవాళ్లని ఒకప్పుడు చెట్లకి ఉరేసేవాళ్లంట. తర్వాత తర్వాత కూడా, నువ్విక్కడికి రాకు అని బెదిరించడానికి ఇలాగే నల్ల బొమ్మని చేసి మెడకి తాడేసి కట్టేవాళ్లంట.

నేను పైకి చూశాను. నేను ముచ్చటపడి పెట్టిన నాలుక నాకే ఎలాగో కనపడింది.

"అలాంటోళ్లమా మనం? తియ్యండ్రా," అన్నాడు బాబాయి. అంతలోనే ఆగాడు. "కానీ జాకీలో?" పఠాన్ భాయ్‌లు ముందే చెప్పేశారు, బొమ్మ లేకపోతే మేం జాకీ ముట్టుకోమని. నమ్మనివాళ్లే అంత మాటన్నాక నమ్మేవాళ్లం మేమెలా ముట్టుకుంటాం?

చివరికి బాబాయే మార్గం చెప్పాడు. "బొమ్మ సైటులో ఉండాలి. వేలాడాలని శాస్త్రంలో ఎక్కడా లేదు. దించేద్దాం, దాచేద్దాం."

అలా దించి దాచాం. ఎక్కడ? లెట్రిన్లో. అంత దూరం నుంచి మెట్లదారి చూడ్డానికొచ్చే పెద్దమనిషి లెట్రిన్లోకి ఎందుకెళ్తుంది అనుకున్నాం.

పొద్దున్నే కారొచ్చింది. మేడం దిగింది. యాభై దాటిన మనిషి, నల్లగా, దృఢంగా, పొట్టి జుట్టు, చంకలో సొంత హెల్మెట్. వాచ్‌మన్ సలాం కొట్టడానికి చెయ్యెత్తి, ఆవిడ్ని దాటి కారులోకి తొంగిచూస్తున్నాడు, దొర ఎక్కడా అని. ఆవిడ కూడా వెనక్కి తిరిగి కారులోకి తొంగిచూసింది. ఇద్దరూ కాసేపు ఖాళీ కారులోకి చూశారు. అప్పుడావిడ అతని భుజం తట్టి లోపలికొచ్చేసింది.

వచ్చి అడిగిన మొదటి మాట, "లెట్రిన్లు ఎటు?"

అవసరమొచ్చి కాదు. చూడ్డానికి! ఇంజనీరు సారు మొహం సున్నం అయిపోయింది. ఆవిడ వరండాలో నడుస్తుంటే మేం వెనక కిటికీలోంచి బొమ్మని లాగాం. కాలు ఇరుక్కుంది. బూటొకటి లోపలే పడిపోయింది. ఆవిడ బూటు చూసి, పక్కకి తీసి పెట్టి, కుళాయిలన్నీ తిప్పి చూసి, బయటికొచ్చి, "సిమెంటు ఎక్కడ నిలవ చేశారు?" అంది. మేం అప్పుడే బొమ్మని సిమెంటు గోడౌన్లోకి తోస్తున్నాం! మళ్లీ ఎత్తుకుని పరుగు. ఒకడు తల, ఒకడు కాళ్లు, ఎండదెబ్బ తగిలినోణ్ణి మోసుకుపోతున్నట్టు. సేఫ్టీ ఆయన ఎదురొచ్చి, "ఏమైంది వీడికి?" అంటే బాబాయి, "కడుపునొప్పి" అన్నాడు.

ఆఖరికి మెట్లదారి దగ్గరికొచ్చాక దాచడానికి చోటే లేదు. మా గుంపంతా టీ తాగుతూ వరసగా కూర్చుని ఉంది. బొమ్మని కూడా ఆ వరసలోనే, నా పక్కనే, గోడకానించి కూర్చోబెట్టేశాం. హెల్మెట్ మొహం మీదికి లాగి, మెడ చుట్టూ తువ్వాలు కప్పి, చేతి దగ్గర టీ గ్లాసు పెట్టాం. కునుకు తీస్తున్నట్టుంది.

ఇంతవరకూ ఏ దొరా మా దగ్గరకొచ్చి మమ్మల్ని పలకరించిన పాపాన పోలేదు. ఈవిడ వచ్చి ఏం చేసింది? ఆ చివర్నించి ఒక్కొక్కరికీ షేక్‌హ్యాండ్ ఇవ్వడం మొదలెట్టింది. పేరడుగుతోంది, ఏం పని చేస్తావని అడుగుతోంది. సారు వెనకాలే, "మేడం, టైమవుతోంది, యల్లా, యల్లా" అంటున్నాడు. ఆవిడ వినదే. బాబాయి చెయ్యి పట్టుకుంది. నా చెయ్యి పట్టుకుంది. తర్వాత బొమ్మ ముందు నిలబడి చెయ్యి చాపింది.

బొమ్మ చెయ్యివ్వలేదు.

నిద్రపోతున్నాడనుకుని నవ్వి, వంగి, తనే దాని చెయ్యందుకుని ఊపింది. గ్లవుజు ఊడి చేతిలోకొచ్చేసింది. చేతిలోంచి చెక్కపొట్టు జలజలా కారింది. సేఫ్టీ ఆయన "యాక్సిడెంట్!" అని ఒక్క కేక పెట్టాడు.

ఆవిడ హెల్మెట్ ఎత్తింది. తువ్వాలు జారిపోయింది. మెడకి తాడు ఇంకా అలాగే ఉంది.

ఆ మొహంలో నవ్వు ఆరిపోయింది. కోపం కాదండి. ఎన్నాళ్లనుంచో తెలిసిన పాత శత్రువు, సముద్రాలు దాటొచ్చినా ఇక్కడ కూడా ఎదురుపడితే ఎలా చూస్తారు, అలా చూసింది. సారు ఏదేదో అంటున్నాడు, ట్రైనింగ్ బొమ్మ అని, సేఫ్టీ కోసమని. ఆవిడ వినలేదు. "ఎవరు చేశారు?" అనడిగింది.

లేచి నిలబడ్డాను. విమానం నా కళ్లముందే ఎగురుతోంది. కానీ అప్పుడు నాకు విమానం కంటే ఆ మొహమే భయమేసింది. సారుతో అన్నాను, "సార్, నేను తెలుగులో చెబుతాను, మీరు ఉన్నదున్నట్టు చెప్పండి. కలపకండి, తీయకండి."

చెప్పాను. "అమ్మా, మా ఇళ్లల్లో పసిబిడ్డ ముద్దుగా ఉంటే తల్లి బుగ్గన నల్లచుక్క పెడుతుంది. చూసేవాళ్ల కళ్లు చుక్క మీద పడాలి, బిడ్డ మీద పడకూడదు అని. మా పాపకి నేనే పెట్టాను. ఇల్లు కడితే ఇంటికీ అంతే. మీ మెట్లు మరీ ముద్దుగా ఉన్నాయమ్మా. చిన్న చుక్క చాలదనిపించింది. అందుకే ఇంత పెద్దది చేశాను. ఇది మిమ్మల్ని బెదిరించడానికి కాదు. మాకు నలుపంటే కాపలా."

సారు చెప్పాడు. ఉన్నదున్నట్టే చెప్పాడనుకుంటాను, ఎందుకంటే మధ్యలో ఆయన గొంతు తడబడింది.

ఆవిడ మళ్లీ బొమ్మ వైపు తిరిగింది. "అంటే, జనం దీన్ని చూసి అసలుదాన్ని చూడకుండా పోతారన్నమాట."

"అవునమ్మా."

ఆవిడ ఒక్కసారిగా నవ్వడం మొదలెట్టింది. ఎలాంటి నవ్వంటే, నిలబడలేక జాకీల గుట్ట మీద కూలబడిపోయింది. కళ్లెంట నీళ్లు. మాకు అర్థం కాక మేమూ కొంచెం కొంచెం నవ్వాం. సారు అడిగితే అప్పుడు చెప్పింది.

"మా ఆఫీసులో కూడా ఇలాంటి బొమ్మ ఒకటుంది. తెల్లగా ఉంటుంది. టై కట్టుకుంటుంది."

మాకు అర్థమవడానికి కాసేపు పట్టింది. ముందు బాబాయికి తట్టింది. "ఒరేయ్, ఫోన్ చేసి చెబుతానన్నది ఈవిడకేరా!"

టీ గ్లాసు చేతపట్టుకుని ఆవిడ తన కథ చెప్పింది, సారు మాకు చెప్పాడు. వాళ్ల నాన్న వడ్రంగి. ఈవిడ చిన్నప్పుడు ఆయన రంపం పట్టుకుంటే చెక్క కదలకుండా రెండోపక్క కూర్చునేదంట. వాళ్ల రాష్ట్రంలో ఇళ్లు గీసే లైసెన్సు వచ్చిన మొదటి నల్ల ఆడమనిషి ఈవిడే. లైసెన్సయితే వచ్చింది గానీ పనెవడిస్తాడు? తిరగని ఆఫీసు లేదు. చివరికి ఒకచోట తీసుకుని లెట్రిన్లు గీయమన్నారు. ఏళ్ల తరబడి లెట్రిన్లే. "ఆ ఊళ్లో నా గోడల మధ్య కూర్చోని పెద్దమనిషి లేడు" అంది. అందుకే ఎక్కడికెళ్లినా ముందు అవే చూస్తుంది, పాత చుట్టాల్ని పలకరించినట్టు. తర్వాత పెద్ద పెద్ద బిల్డింగులు గీసింది. గీసేది ఈవిడ, వాటి ముందు నిలబడేది టై దొర. కట్టించుకునేవాళ్లు ఈవిడ్ని చూస్తే బెదిరిపోతారని కంపెనీవాళ్ల భయం. ఒకసారి తన బిల్డింగు గురించి మీటింగుకే వెళితే, అక్కడోళ్లు తనని కాఫీ తెమ్మన్నారంట.

"తెచ్చారా?" అన్నాను.

"తెచ్చాను. ఉప్పేశాను."

మేడం లేచి జాకీల వైపు చూసింది. ఇప్పుడైనా తను రావడానికి కారణం, జాకీలు తీసేటప్పుడు టై దొర ఈ మెట్లకింద నిలబడనని చెప్పేశాడంట. "బొమ్మని పైకి కట్టండి," అంది. మళ్లీ ఆగి, "మెడకొద్దు. నడుముకి కట్టండి."

బాబాయి ఆలోచించాడు. "మెడకే కట్టాలని శాస్త్రంలో ఎక్కడా లేదు," అన్నాడు. అప్పటిదాకా నోరు తెరుచుకుని నిలబడ్డ సేఫ్టీ ఆయన, ఇన్నాళ్లూ తను వార్నింగులు రాసింది ఎవరికో అప్పటికి తెలిసి, తన నడుమున్న సేఫ్టీ బెల్టు విప్పి ఇచ్చాడు. అలా మా బొమ్మకి ఆఖరికి బెల్టొచ్చింది.

జాకీలు తీయడం మొదలెట్టాం. మేడం హెల్మెట్ పెట్టుకుని వచ్చి సరిగ్గా మెట్లకింద, నడిమధ్యన నిలబడింది. "వద్దమ్మా, ఇవతలికి రండి," అని బాబాయి బతిమాలాడు. ఆవిడ కదల్లేదు. బాబాయి కాసేపు తల గోక్కుని, గొణుక్కుంటూ వెళ్లి ఆవిడ పక్కన నిలబడ్డాడు. "ఏట్రా చూత్తన్నారు, తియ్యండి," అన్నాడు. ఒక్కొక్కటే వదులు చేశాం. చివరి జాకీ నా చేతిలోనే ఉంది. మర తిప్పాను. పైన ఎక్కడో టక్‌మంది. మేడం పైకి చూసి, గుర్రాన్ని తట్టినట్టు మెట్ల అడుగుభాగాన్ని అరచేత్తో తట్టింది. మెట్లదారి నిలబడింది. విమానం సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

బడి తెరిచే రోజుకి మేడం మళ్లీ వచ్చింది. కానీ కంపెనీవాళ్లు టై దొరని కూడా పంపారు. కఫీల్ పక్కన, ఫొటోల ముందర, ఆయన నిలబడ్డాడు. మేడం వెనకాల మా పక్కన. బొమ్మని అప్పుడే దించి వెనక గదిలో పెట్టాం, పని అయిపోతే దించేయాలి కదా. టై దొరని చూసి బాబాయి నా డొక్కలో పొడిచాడు. "ఒకటి దించాం, ఇంకోటొచ్చింది రోయ్." ఆ మాట వరసంతా పాకింది. పెద్దోళ్లు మాట్లాడుతుంటే వెనకాల మేం నోళ్లు మూసుకుని ఊగిపోతున్నాం. ఇంజనీరు సారు గుడ్లురిమి చూశాడు, చూస్తూ చూస్తూ తనూ దగ్గినట్టు నవ్వాడు.

కఫీల్ మెట్లదారి కింద నిలబడి అడిగాడు, "స్తంభం లేకుండా ఇది ఎలా నిలబడింది?"

టై దొర చిరునవ్వు నవ్వాడు. "ఫోన్ చేసి..." అన్నాడు, అలవాటు కొద్దీ.

ఎవరు ముందు ఎత్తారో నాకు తెలీదు. మనోళ్లు, పఠాన్లు, మలయాళీలు, వాచ్‌మన్, సేఫ్టీ ఆయన, వెనకున్నోళ్లందరి చేతులూ ఒక్కసారే లేచాయి. అన్నీ మేడం వైపే చూపిస్తున్నాయి. ఇంజనీరు సారు చెయ్యి కూడా. కఫీల్ తిరిగి చూశాడు. ఫొటో తీసేవాళ్లు తిరిగి చూశారు. ఆ హాల్లో ఉన్న కళ్లన్నీ ఆవిడ మీద పడ్డాయి.

"అయ్యబాబోయ్," అన్నాడు బాబాయి, "దిష్టి!"

వెనక గదిలోకి పరిగెత్తాడు. బహ్రెయిన్ ఎండకి బొమ్మ మొహం మీద తారు మెత్తబడిపోయి ఉంది. బొటనవేలికి కాస్త రాసుకొచ్చాడు. వచ్చి ఆవిడ బుగ్గ చూశాడు. చుక్క పెడితే కనపడదు. నుదురు చూశాడు. కనపడదు. వేలు గాల్లో పెట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలీక తికమకపడుతుంటే, ఆవిడకి అర్థమైపోయింది. కుడి అరచెయ్యి చాపింది. గులాబీ రంగులో ఉంది. దాని నడిమధ్యన బాబాయి ఇంత చుక్క అద్దాడు.

అప్పుడావిడ ముందుకి నడిచింది. కఫీల్ చెయ్యి చాపాడు, ఆవిడ ఇచ్చింది. తర్వాత పక్కన పెద్దాయన, ఆ తర్వాత ఆయన పక్కాయన. ఇచ్చినోళ్లందరూ ఒక్క క్షణం ఆగి తమ అరచేతిలోకి చూసుకుంటున్నారు. చివర్లో టై దొర కూడా ఇవ్వక తప్పలేదు. ఇచ్చి, చెయ్యి చూసుకుని, తుడుచుకోవడానికి ఏమీ దొరక్క టైకి తుడుచుకున్నాడు.

తారు కదండి. పోదు.